పాల పంపుకు నేను పెట్టిన పరీక్ష

మదనపల్లెలో నేను పనిచేసే కాలేజీ, హైడ్రాలిక్స్ ల్యాబు, ఆదివారం మధ్యాహ్నం. బల్ల మీద ఉన్నవి ఇవి: తల్లిపాలు పిండే పంపులు మూడు. పీల్చుడు బలం కొలిచే, పాదరసం పోసిన మానోమీటరు ఒకటి. వంద మిల్లీలీటర్ల కొలజాడీ. స్టాప్‌వాచీ. మీటరున్నర రబ్బరు గొట్టం. పసిపిల్లల పాలసీసాకు తొడిగే రబ్బరు పీకలు నాలుగు. గ్రాఫు పుస్తకం. మనుషుల్లో నేనొక్కడినే.

నా భార్య అక్కడికి ముప్పై కిలోమీటర్ల దూరంలో, పుంగనూరులో, పుట్టింట్లో ఉంది. ఆపరేషన్ చేసి బిడ్డను తీసి అది నాలుగో రోజు; ముందు రోజే ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చారు. బిడ్డ కుప్పంలో పెద్దాసుపత్రి గాజుపెట్టెలో ఉంది. రెండు నెలలు ముందుగా పుట్టింది. పుట్టినప్పుడు బరువు పన్నెండు వందల ఎనభై గ్రాములు. పుంగనూరులో అంత చిన్న బిడ్డను ఉంచుకునే వసతి లేదని, పుట్టిన మూడో గంటలోనే నేనూ ఒక నర్సూ జీపులో ఎక్కించుకుని కుప్పం చేర్చాం. తల్లి బిడ్డను చూసింది ఒకే ఒక్కసారి, టవల్లో చుట్టి నా చేతికి ఇస్తున్నప్పుడు. ముఖం కూడా సరిగా కనపడలేదంది.

కుప్పం ఆస్పత్రిలో మా పాపను చూసుకునే సిస్టర్ గుడుపల్లె వైపు మనిషి. యాభై ఏళ్లు ఉంటాయి. మూడో రోజు నన్ను గాజు తలుపు బయట నిలబెట్టి చెప్పింది.

"చూడప్పా. బిడ్డకు ఇంగా చీకేది తెలీదు. ముక్కులో ట్యూబు ఏసి రెండు గంటలకొకతూరి పోస్తాం. డబ్బా పాలు ఇంత లేత పేగుకు తట్టవు. తల్లిపాలు తెస్తే అవే పోస్తాం. నెలకో, నెలా పది దినాలకో చీకేది వస్తాది. అప్పుడు తల్లిని పిలిపిచ్చి రొమ్ముకు పెడదాం. అంతవరకూ ఆయమ్మకు పాలు నిలిచేటట్ల చూసుకో. పిండకుంటే ఎండిపోతాది. తెల్సిందా?"

తెలిసిందన్నాను. పుంగనూరు వచ్చి తలుపు బయట నుంచి నా భార్యకు అదే చెప్పాను. లోపలినుంచి అంది:

"దాన్ని నా దగ్గర పెట్టుకునే దినందాకా పాలు నిలిస్తే సాలు బావా. ఇంగేం అడగను."

ఆమె నాకు మేనత్త కూతురు. చిన్నప్పటినుంచీ బావా అనే పిలుస్తుంది. ఏదీ అడిగే మనిషి కాదు. కాబట్టి ఆ ఒక్క కోరిక నాకు ఇంజనీరింగ్ లెక్క మాదిరి తలలో కూర్చుంది. ఇచ్చినవి, కావలసినది, సాధన.

తలుపు బయట నుంచి అన్నాను కదా. దాని సంగతి చెప్పాలి. మా అత్త ఇంట్లో పురుడు పోయేదాకా బాలింత గదిలోకి మగవాళ్లు అడుగు పెట్టరు. మామూలుగా అయితే పదకొండు రోజులు. కానీ పురుడు నీళ్లు పోయడానికి తల్లీ బిడ్డా ఇద్దరూ ఇంట్లో ఉండాలి. బిడ్డ కుప్పంలో ఉంది. "బిడ్డ లేకుండా పురుడు నీళ్లెట్ల పోస్తార్రా?" అని మా అత్త తేల్చేసింది. అంటే పాప ఇంటికి వచ్చేదాకా ఆ తలుపుకు వేపమండ ఉంటుంది, నేను వసారాలో ఉంటాను. ఆమె నాకు మేనత్త, నన్ను ఎత్తుకు పెంచిన మనిషి. ఎదురు చెప్పడం నాకు తోచలేదు. అది నాకు పెద్ద ఇబ్బందిగా కూడా అనిపించలేదు. వసారాలో నాకు ఒక బల్ల, ఒక కుర్చీ వేసి ఇచ్చారు. పని చేసుకోవడానికి అంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

మొదటి మూడు రోజులు మా అత్తే కూతురికి చేత్తో పాలు పిండింది. ఆ పాలను, ఆస్పత్రిలో పిండినవి కూడా ఇంటికి తెచ్చి, పెరట్లో ఎవరి కాలూ తొక్కని మూలన పోసేసింది. ముర్రుపాలు బిడ్డకు అరగవని ఆమె నమ్మకం. నేను ఆ విషయం సిస్టర్‌కు చెబితే తల కొట్టుకుంది. నాకు మాత్రం ఆ మాటల్లో ఒక్కటే వినపడింది: చేత్తో పిండటం. అది శుభ్రం కాదు, కొలత ఉండదు, ఒకసారి వచ్చినంత ఇంకోసారి రాదు. పంపు కావాలి. ఏ పంపు అన్నది పరీక్ష చేసి తేల్చాలి.

మొదటిది మదనపల్లె మందుల షాపులో దొరికింది. గాజు గరాటా, దానికి సైకిలు హారన్ లాంటి ఎర్రటి రబ్బరు బుడ్డ. రెండోది సహోద్యోగి ఒకాయన బెంగళూరు నుంచి తెప్పించి ఇచ్చాడు. ఒక ప్లాస్టిక్ గొట్టం లోపల ఇంకో గొట్టం, సిరంజిలాగా వెనక్కి లాగాలి. మూడోది కరెంటుది. అది ఒక ఫ్యాన్సీ షాపు యజమాని ఇంట్లో ఉందని తెలిసింది. ఆయన దుకాణంలో సెంట్లూ టార్చిలైట్లూ గడియారాలూ అమ్ముతాడు. ఇల్లు దుకాణానికి వెనకనే, మధ్యలో ఒక పూల కర్టెన్.

"అల్లుడు దుబాయ్ నుంచి తెచ్చినాడు బాబూ నా బిడ్డకు," అన్నాడాయన అట్టపెట్టె దుమ్ము దులుపుతూ. "నాలుగు దినాలు వాడింది. ఇంగ వద్దని పెట్టేసింది. పైసలు వద్దు. నీ బిడ్డ బాగుంటే నాకు దువా చెయ్యి, అంతే."

"ఎట్ల వాడాలో కాగితం ఉందా?"

"ఉండె. మనవరాలు చించేసింది."

"యాల వద్దనింది మీ అమ్మాయి?"

ఆయన నా వైపు చూసి నవ్వాడు. "ఆ మాట తండ్రి అడగతాడా బాబూ? నేను అడగలా. ఆమె చెప్పలా."

కర్టెన్ వెనక గాజుల చప్పుడు వినపడింది. ఎవరో అక్కడే నిలబడి వింటున్నారు. ఆ యంత్రాన్ని నాలుగు రోజులు వాడిన మనిషి నాకు ఆరడుగుల దూరంలో ఉంది. ఆమెను అడగాలని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు. తోచినా అడిగేవాడిని కాదు. పెట్టె సంచిలో పెట్టుకుని సలాం చెప్పి వచ్చేశాను.

ల్యాబులో పరీక్ష ఇట్లా చేశాను. రబ్బరు పీకకు సూదితో ఎనిమిది రంధ్రాలు పొడిచి, దాని వెనక నీళ్ల గొట్టం బిగించి, పంపు గరాటాను దాని మీద ఆనించాను. గరాటాకూ మానోమీటరుకూ మధ్య రబ్బరు గొట్టం. ఎంత పీల్చుడు వస్తుంది, నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వస్తాయి, రెండూ రాసుకున్నాను. ఒక్కో పంపుకు ఐదుసార్లు, సగటు.

బుడ్డ పంపు తొంభై మిల్లీమీటర్ల పాదరసం దాకా పోయి వెంటనే జారిపోయింది. సిరంజి పంపు నూట ఎనభై చూపించింది, కానీ లాగే చేతిని బట్టి మారుతోంది. కుట్ల నొప్పితో ఉన్న మనిషి అంత లాగలేదు. కరెంటుది నూట పది దగ్గర ఆగిపోయింది. మోటారు శబ్దం చూస్తే అంతకంటే ఎక్కువ రావాలి. చెవి ఆనించి విన్నాను. గరాటా మెడ దగ్గర, బొటనవేలు ఆనే చోట, గుండుసూది పట్టేంత రంధ్రం. అందులోంచి గాలి ఉస్సుమని లోపలికి పోతోంది.

లీకు అనుకున్నాను. వాడిన వస్తువు కదా, ఎక్కడో పడి పగిలి ఉంటుంది. పైపుల కీళ్లకు పెట్టే ఎపాక్సీ ముద్ద ల్యాబులో ఎప్పుడూ ఉంటుంది. చిటికెడు తీసుకుని, రెండు రంగులూ కలిసేదాకా వేళ్ల మధ్య నలిపి, రంధ్రం మూసి, గంట ఆరనిచ్చాను. మళ్లీ స్విచ్చి వేశాను. మూడు వందల పది మిల్లీమీటర్లు. పాదరసం ఎక్కి, అక్కడే కదలకుండా నిలబడింది.

ఆ నిలబడటం చూసి నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. నాలుగు రోజుల్లో నాకు కలిగిన ఒకే ఒక్క సంతోషం అది. గ్రాఫు పుస్తకంలో మూడో పంపు ఎదురుగా టిక్కు పెట్టాను.

పుంగనూరు తిరిగి వచ్చాక మొదటి గొడవ పొయ్యి దగ్గర వచ్చింది. పంపు గరాటా, సీసా వాడిన ప్రతిసారీ పది నిమిషాలు మరగబెట్టాలని చెప్పాను. మా అత్త గిన్నె లాక్కుంది.

"పాలంటిన సామాను పొయ్యి మీద పెడ్తావా? తల్లిపాలు నిప్పుకు తగిల్తే రొమ్ము ఎండిపోతాది. నీకెవురు చెప్పినార్రా ఈ సదువు?"

"కడిగినాకే కదత్తా పెట్టేది."

"కడిగితే పోతాదా వాసన? మీ నాయిన పుట్టినప్పుడు మా యమ్మ..." అంటూ ఆమె మొదలుపెట్టింది. నేను విని, నీళ్లు కాచే కరెంటు రాడ్డు చూపించి, దీంతో కాస్తే అన్నాను. ఆమె రాడ్డును అటూ ఇటూ తిప్పి చూసింది. మంట లేదు. బూడిద లేదు.

"కరెంటు నిప్పు కాదులే," అంది. "పెరట్లో పెట్టుకో."

నా భార్య లోపలినుంచి నవ్వింది. "అమ్మ కత చూస్తివా బావా, కరెంటుకు మాత్రం మినహాయింపు!" ఆ నెలలో ఆమె నవ్వు నేను విన్నది అదే.

తర్వాత పని ఒక పద్ధతిలో పడింది. మూడు గంటలకొకసారి పంపు, రోజుకు ఎనిమిది సార్లు, సారికి పదిహేను నిమిషాలు, అని కాగితం మీద గడులు గీసి లోపలికి పంపాను. దిష్టి తగులుతుందని మా అత్త పాలసీసాను ఎవరికీ చూపించదు. నల్లగుడ్డ చుట్టి, మెడకు దారం కట్టి తెచ్చి, వసారాలో ఐసు నింపిన ప్లాస్కులో తానే దించుతుంది. ఐస్‌ఫ్రూట్లు చేసే అతని దగ్గర నుంచి ఐసు నేను తెస్తాను. సీసా మీద గీతను చదివేది నా భార్య. ఎన్ని మిల్లీలీటర్లు వచ్చాయో క్యాలెండరు చీటీ వెనక రాసి సీసాతో పాటు పంపుతుంది. నేను చీటీలు తీసుకుని కూడి, గ్రాఫులో చుక్క పెడతాను. తెల్లవారే మొదటి బస్సులో పలమనేరు, అక్కడినుంచి వి.కోట మీదుగా కుప్పం. ప్లాస్కు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను. సిస్టర్ చేతికిస్తాను. గాజు తలుపు దగ్గర పది నిమిషాలు నిలబడి, పాప కాళ్లు కదిలాయో లేదో చూసి తిరిగొస్తాను. కాలేజీకి నెలరోజులు సెలవు పెట్టాను.

అంటే ఆ పాలు నేను ఎన్నడూ చూడలేదు. అంకెలు చూశాను.

ఐదో రోజు తొంభై ఐదు. ఆరో రోజు నూట నలభై. ఏడో రోజు నూట డెబ్భై. ఎనిమిదో రోజు రెండు వందల ఐదు. గ్రాఫు కాగితాన్ని వసారా గోడకు అంటించాను. తలుపు కొంచెం తెరిస్తే మంచం మీదినుంచి కనపడే చోట. ఆమెకు ధైర్యంగా ఉంటుందని అక్కడ పెట్టాను. ఆ గీత పక్కనే పాపకు ఎంత కావాలో సిస్టర్‌ను అడిగి ఇంకో గీత గీశాను. మొదటిది నీలం, రెండోది ఎరుపు. ఎనిమిదో రోజున నీలం పైన ఉంది. కుప్పంలో మిగిలిన పాలను ఫ్రీజర్లో కూడా పెట్టారు.

తొమ్మిదో రోజు నీలం గీత కొంచెం దిగింది. పదో రోజు నూట డెబ్భై. నేను తలుపు దగ్గరికి పోయి అడిగాను.

"టైముకు పెడ్తాండావా?"

"పెడ్తాండా."

"పదిహేను నిమిషాలు సరిపోకపోతే ఇంకో పది పెంచు. రొమ్ము పూర్తిగా ఖాళీ అయితేనే మళ్లీ ఊరేది."

"సరే బావా."

పుస్తకంలో చదివిన మాటే చెప్పాను. తప్పు మాట కాదు. ఆ రోజునుంచి మోటారు శబ్దం అరగంట, ముప్పావు గంట వినపడేది. వసారాలో కూర్చుని వినేవాడిని. బోరు మోటారు ఆగకుండా నడుస్తుంటే రైతుకు ఎట్లా ఉంటుందో, నాకు అట్లా నిశ్చింతగా ఉండేది.

పన్నెండో రోజు కుప్పంలో సిస్టర్ నల్లగుడ్డ విప్పింది. సీసాను కిటికీ వెలుగుకు ఎత్తిపట్టింది. నన్ను పిలిచింది.

"ఇదేం రంగప్పా?"

పాలు గులాబీ రంగులో ఉన్నాయి. అడుగున ఎర్రటి తీగ ఒకటి తేలుతోంది.

"మీ ఆడమనిషి రొమ్ము చూసినావా నువ్వు?"

"లేదు సిస్టర్."

"యాల?"

పురుడు సంగతి చెప్పాను. ఆమె సీసా పక్కన పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"పెండ్లాం కదా అప్పా. పక్కింటామె కాదు కదా. మిషన్ యాడ?"

ఆ రోజు మోటారు పట్టీ వదులైందని, వి.కోటలో ఎవరైనా బిగిస్తారేమోనని పంపును సంచిలో తెచ్చాను. అందుకే ఆ రెండు పూటలకు సిరంజి పంపు వాడమని చెప్పి వచ్చాను. తీసి ఇచ్చాను. ఆమె గరాటాను తిప్పింది. బొటనవేలితో మెడను తడిమింది. బూడిదరంగు ఎపాక్సీ మచ్చ దగ్గర ఆగింది.

"ఈడ తూటు ఉండాల. ఎవురు మూసినారు?"

"నేనే. లీకు అవుతుంటే."

పక్కనున్న చిన్న నర్సు నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

"లీకు కాదు సామీ," అంది సిస్టర్. అప్పటిదాకా అప్పా అని పిలిచిన మనిషి. "దాని మీద ఏలు పెట్టేది, తీసేది. పెట్తే పీకుతాది, తీస్తే వదుల్తాది. బిడ్డ చీకేటప్పుడు సూడు, చీకుతాది, ఊపిరి పీల్చుకోను వదుల్తాది. అట్ల. నువ్వు ఆ వదిలేది లేకుండా చేసినావు. ముప్పావు గంట పట్టుకుని పీకతానే ఉంటే మాంసం ఏమైపోవాల?"

నేను ఇంజనీరింగ్ డిప్లొమా చేసినవాడిని. రెసిప్రోకేటింగ్ పంపు గురించి పిల్లలకు ప్రాక్టికల్సు చేయిస్తాను. పీల్చడం, వదలడం, రెండు స్ట్రోకులు. బోర్డు మీద బొమ్మ గీసి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

తిరుగు బస్సులో గంగవరం దగ్గర టైరు పంక్చరై గంటసేపు ఆగింది. రోడ్డు పక్క రాయి మీద కూర్చుని, మూడు వందల పది మిల్లీమీటర్లను ముప్పావు గంటతో, దాన్ని రోజుకు ఎనిమిదితో, దాన్ని ఏడు రోజులతో గుణించి చూశాను. అటువంటి లెక్కకు యూనిట్ ఏమిటో తెలియదు. కానీ చేస్తూనే ఉన్నాను.

ఇంటికి వచ్చి చెప్పులు విడిచి నేరుగా వేపమండ కింద నుంచి లోపలికి పోయాను. మా అత్త "ఏయ్, ఏయ్" అంటూ వెంటపడింది. ఆగలేదు. సాంబ్రాణి పొగ, వెల్లుల్లి వాసన. నా భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పైట మీద కొబ్బరినూనె మరకలు. నన్ను చూసి పైట గట్టిగా పట్టుకుంది.

"తియ్యి," అన్నాను.

తీయలేదు. మా అత్తే వచ్చి తీసి చూపించింది, తలుపు వైపు ముఖం తిప్పుకుని. చూసింది రాయను. కుడివైపు ఎర్రగా గట్టిగా ఉబ్బి ఉంది. చేయి ఆనిస్తే కాలింది.

"యాల చెప్పలేదు?"

"ఏమని చెప్పల్ల?"

"నొప్పి ఉందని."

"కుట్లు నొప్పిగా లేవా? అవి చెప్పినానా?" పైట మళ్లీ కప్పుకుంటూ అంది: "నువ్వు అంత దూరం పొయ్యి మూడు మిషన్లు తెచ్చి, టెస్టులు చేసి, దీన్ని ఏరి తెస్తివి. అన్నింట్లో ఇదే మంచిదంటివి. నాకే సేతకాలేదేమో అనుకున్యా. అందరికీ ఇట్లనే ఉంటాదేమో అనుకున్యా."

"ఏడు రోజులు..."

"ఆ గోడ మీద గీత కిందికొస్తే నీ మొగం ఎట్లయితాదో నాకు ఈడినుంచి కనపడతాది బావా. గీతను ఎత్తి పెట్టాలని సూస్తి."

మా అత్త తలుపు దగ్గర నిలబడి ఏడుస్తోంది. నన్ను తిట్టలేదు. "నేను సేత్తో పిండతాంటి గదరా," అంది అంతే. "మూడు దినాలు ఒక్క సుక్క నెత్తురు రాలేదు గదరా."

గ్రాఫు కాగితం గోడ నుంచి తీసేశాను. పాప గీత మాత్రం నా తలలో నడుస్తూనే ఉంది. అది రోజుకు కొంచెం పైకే పోతుంది. పాప ఎదుగుతోంది కదా.

పుంగనూరు లేడీ డాక్టరు చూసి, లోపల చీము గడ్డ కట్టిందంది. పద్నాలుగో రోజు కోసి తీసింది. మందులు రాసింది. గడ్డ తీసినా పాలు మాత్రం తీస్తూ ఉండాలని, లేకపోతే ఆగిపోతాయని చెప్పింది. కానీ ఆ వైపు నా భార్య ఎవరినీ చేయి ఆనించనివ్వలేదు. తల్లి చేయి చాపితేనే వణికేది. ఎడమవైపు పగుళ్ల మీద వెన్నపూస రాసి మా అత్త మెల్లగా చేత్తో పిండేది. నేను మూడు పంపులనూ అటక మీదికి ఎక్కించాను. మా అత్త పచ్చి బొప్పాయి కూర, మెంతుల జావ, వెల్లుల్లి, ఏది పాలు పెంచుతుందంటే అది చేసి పెట్టింది. పదిహేనో రోజు అరవై మిల్లీలీటర్లు. పద్దెనిమిదో రోజు నలభై. ఇరవై మూడో రోజు పదిహేను. చీటీలు ఇప్పుడు ఆమె రాయడం లేదు. సీసాను నేనే వెలుగుకు ఎత్తి చూసేవాడిని.

కుప్పంలో ఫ్రీజరు పాలు పంతొమ్మిదో రోజుకు అయిపోయాయి. ఆ తర్వాత డబ్బా పాలు మొదలుపెట్టారు. సిస్టర్ భయపడినట్టు ఏమీ కాలేదు. పాప తట్టుకుంది. అందరూ ఆ మాటే చెప్పేవారు, బిడ్డ తట్టుకుంది కదా అని. నా భార్య కూడా తల ఊపేది. ఊపి గోడ వైపు తిరిగి పడుకునేది.

ప్లాస్కులో పదిహేను మిల్లీలీటర్లు పెట్టుకుని నూట డెబ్భై కిలోమీటర్లు తిరిగి వచ్చే రోజుల్లో, కండక్టరు ఒకసారి అడిగాడు. "ఏందన్నా అది, దినామూ తెస్తావు?" మందు అని చెప్పాను.

ఇరవై తొమ్మిదో రోజు సిస్టర్ అంది: "బిడ్డ ఏలు పెడ్తే చీకతాండాది. రేపు తల్లిని పిల్చుకోని రా."

"పాలు లేవు సిస్టర్."

"రానీప్పా. నోరు తగిల్తే పాలు వచ్చేవాళ్లు ఉండారు. చూద్దాం."

మా అత్త ఇక పురుడు మాట ఎత్తలేదు. జీపు మాట్లాడాను. నా భార్య తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, చెవులకు గుడ్డ కట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. ఆస్పత్రి మెట్ల దగ్గర అడిగింది:

"నన్ను గుర్తు పడతాదా బావా?"

నాకు తెలియదని చెప్పాను. పడుతుందని చెప్పి ఉండాల్సింది.

గాజు తలుపు లోపలికి ఇద్దరినీ రానిచ్చారు. చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాం. సిస్టర్ స్టూలు వేసి ఆమెను కూర్చోబెట్టింది. పాపను ముందు ఎలక్ట్రానిక్ కాటా మీద పడుకోబెట్టి, బట్టలతో సహా తూచి, చిన్న పలక మీద అంకె రాసింది. తాగాక ఇవే బట్టలతో మళ్లీ తూస్తే ఎన్ని గ్రాములు లోపలికి పోయాయో తెలుస్తుందని నాకు చెప్పింది. పద్ధతి చాలా సరళంగా ఉంది. ఇటువంటిది నాకు ముందే తోచి ఉండాల్సింది అనిపించింది.

ఎడమ రొమ్ముకు పెట్టింది. పాప తల ఆమె అరచేతిలో సరిపోయింది. ముక్కుతో అటూ ఇటూ వెతికి, నోరు తెరిచి పట్టుకుంది. నా భార్య మొదట బిగుసుకుపోయింది, తర్వాత భుజాలు దింపింది. "చీకతాండాది," అంది నా వైపు చూసి. "నిజంగానే చీకతాండాది. సూడు బావా." చీకింది, ఆగింది, మళ్లీ చీకింది. సిస్టర్ చెప్పినట్టే, పట్టుకోవడం, వదలడం. పదిహేను నిమిషాలు. తర్వాత వదిలేసి ముఖం ముడుచుకుని ఏడ్చింది. ఇంకోసారి పెట్టారు. ఐదు నిమిషాలు. మళ్లీ ఏడ్చింది. నా భార్య తన చేత్తోనే నొక్కి చూసుకుంది. చూసుకుని పైట సర్దుకుంది.

సిస్టర్ పాపను తీసుకుని, అవే బట్టలతో, అదే కాటా మీద పడుకోబెట్టింది. అంకె నిలబడేదాకా ఆగి, పలక మీద మొదటి దాని కింద రెండోది రాసింది.

ముందు: వెయ్యిన్ని ఏడు వందల నలభై ఐదు గ్రాములు.

తర్వాత: వెయ్యిన్ని ఏడు వందల నలభై ఐదు గ్రాములు.